వెంకటరాజం సేటు జీపుకు నిలిచిన వెండి రంగు

మా తమ్ముని కొడుకు, బండ్లకు రంగులేసే దేవన్న మొదటి గెలుపు పసుపు అడ్తిదారు వెంకటరాజం సేటు జీపు మీద. 1991 మార్చిలో ఆ జీపు ఇంజన్ నుంచి పొగను సైలెన్సర్‌కు చేర్చే నాలుగు గొట్టాలకు అతడు వేసిన వెండి రంగు పోచంపాడ్ దాకా పోయివచ్చినా ఒక్క పొర రాలలేదు. తలుపుకు, బానెట్‌కు రంగు ఎవరైనా వేస్తారు. నీటిచుక్క పడితే చుయ్యిమనే గొట్టం మీద నిలబెట్టడం మావాడికే చెల్లింది. అదీ మూడోసారికి.

వేడికి తట్టుకునే ఆ రంగు డబ్బా షార్జా నుంచి సెలవు మీద వచ్చిన మా ఊరి గంగాకిషన్ తెచ్చాడు.

"మా వర్క్‌షాపుల గీ పని చేసెటోడు కావాలె తమ్మీ. సేటు జీపు మీద చేసి చూపెట్టు. నిలిస్తే వీసా పంపిస్త. పద్దెనిమిదో తారీఖు నేను పోతున్న" అన్నాడు.

మొదటిసారి దేవన్న రంగు వేసి రెండు రోజులు ఎండబెట్టాడు. జీపు పక్కనే ఉన్న పెర్కిట్ దాటకముందే రంగు పొంగి ఊడింది.

"గది గోడనా, ఎండల ఆరనీకి?" అని గంగాకిషన్ నవ్వాడు. "ఇంజన్ వేడికే ఆరాలె. జరసేపు నడుపు, సల్లారనియ్యి, మళ్ల నడుపు."

రెండోసారి గొట్టాలు విప్పి, తెల్లటి ఇనుము కనబడేదాకా రుద్ది, థిన్నర్‌తో కడిగి రంగు వేశాడు. చెప్పినట్టే ఇంజన్ నడిపి, చల్లార్చి, మళ్లీ నడిపాడు. అంతటా రాయిలా నిలిచింది కాని, ఒక్కో గొట్టం మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా లేచిపోయింది.

"గిదేందిరా దేవన్నా, నా జీపుకు అమ్మవారు పోసిందా?" అన్నాడు సేటు.

దేవన్న ఆ మచ్చలను చూశాడు. తరువాత పసుపు అంటిన నా వేలును చూశాడు.

"పెద్దబాపు, నేను చాయ తాగ పోయినప్పుడు బొట్లు పెట్టినవా?"

"పెట్టిన. పసుపు పండే ఊర్ల ఉండి బొట్టు లేకుంట పని మొదలుపెడ్తమా?"

"నీళ్లల్ల కలిపినవా?"

"నీళ్లైతే ఇనుముకు అంటదని మంచినూనెల కలిపిన. నువ్వు చూస్తవని బట్టతోని తుడిచిన గూడ."

దేవన్న తల పట్టుకొని కూర్చున్నాడు. కాసేపటికి తనే పడీపడీ నవ్వాడు. "నూనె మీద రంగెట్ల నిలుస్తదే!"

"నా చెయ్యి మంచిది, నా చెయ్యి మంచిది అంటడు గదా!" అని నా భార్య కమలవ్వ ఊరంతా చెప్పింది.

ఇక మిగిలినవి మూడు రోజులు. దేవన్న మళ్లీ రుద్దాడు, కడిగాడు. గొట్టాల దగ్గరికి నన్ను రానివ్వలేదు. పసుపు గిన్నె మాత్రం తనే తెచ్చి ఇచ్చాడు.

"పెట్టు పెద్దబాపు. కని బానెట్ మీద."

పెట్టాను. పలుచగా మూడు పూతలు వేసి, ఇంజన్ వేడికి మెల్లమెల్లగా కాల్చాడు. పదిహేడో తారీఖు ఏడుగురం ఎక్కి పోచంపాడ్ పోయివచ్చాం. గంగాకిషన్ బానెట్ ఎత్తి, గొట్టాలు చల్లారాక గోటితో గీకాడు, నాణెంతో గీశాడు. వెండిలా మెరుస్తూనే ఉంది.

"పాస్‌పోర్టు తీయించుకో తమ్మీ" అన్నాడు. సేటు అందరికీ మిర్చి బజ్జీలు తినిపించాడు.

సెప్టెంబరులో వీసా వచ్చింది, షార్జా పోయాడు. ఈ రెండేళ్లలో దేవన్న మూడు వందల కార్ల గొట్టాలకు రంగు వేశాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. ఇప్పుడతని చేతి కింద నలుగురు నేర్చుకుంటున్నారు. ప్రతి కారు బానెట్‌కూ పసుపు బొట్టు పెట్టి, పని ముగిశాక తుడుస్తాడట. ఆ పసుపు నేను పంపిందే. "నీళ్లల్లనే కలుపుతున్న" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తాడు.

ఇప్పుడు దేవన్నకు సెలవు దొరికింది. తీసుకురావడానికి ఆ జీపులోనే నిజామాబాద్ పోతాం. అతడు వచ్చేది 1993 అక్టోబరు 14, గురువారం.