పసుపేగా అన్నారు

మున్నీసాకు కోపం రావడం తెనాలి శివార్లలోని ఆ ఫార్మసీ కాలేజీలో ఎవరూ చూడలేదు. పన్నెండేళ్లుగా రోజూ పొద్దున్నే రేపల్లెలో ప్యాసింజర్ ఎక్కి వచ్చేది. ఎలుకలకు మేత పెట్టి, మందు పట్టి, నెత్తురు తీసి పరీక్ష చేసి, వచ్చిన అంకెలు రికార్డులో రాసి సాయంత్రం బండికి వెళ్లిపోయేది. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం అంతే.

ప్రొఫెసర్ రవిశంకర్ పరిశోధన పసుపు మీద. లివర్ వాపుకు పసుపు సారం పనిచేస్తుందని ఆయన నమ్మకం. చిక్కల్లా, మింగినదాంట్లో నెత్తుట్లోకి చేరేది ఇసుమంతే. అందుకని దానికి మిరియాల సారం కలిపి, సోయా కొవ్వులో పొదిగి ఎలుకలకు పట్టించారు. నెత్తుట్లో పసుపు సారం ఇరవై రెట్లు పెరిగింది. ఆ రోజు సార్ అందరికీ పూతరేకులు పంచారు.

రెండు నెలలకు ఆరు ఎలుకలు మేత మానేశాయి. పరీక్ష చేస్తే వాటి లివరే దెబ్బతింటోంది. మున్నీసా రికార్డు తీసుకెళ్లి చూపించింది.

"వాటికేదో జబ్బు తగిలుంటుంది. ఆ ఆరూ లెక్కలోంచి తీసెయ్యి" అన్నారు రవిశంకర్.

"అన్నీ పెద్ద మోతాదు తిన్నవేనండి."

"తీసెయ్యమన్నానా?"

రికార్డులో ఆ ఆరింటి అంకెల మీదా గీత పెట్టి కొట్టేసింది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ మందు బిళ్లల రూపంలో డబ్బాల్లో బజారుకొచ్చింది. డబ్బా మీద మున్నీసా చేత్తో గీసిన గ్రాఫే అచ్చేశారు. పక్కింటి యలమంద వలలు అల్లే మనిషి. లివర్‌లో కొవ్వు పట్టిందని తెలిసి, బాపట్లలో ఎవరో పెట్టిన ఆరోగ్య శిబిరంలో ఆ డబ్బాలు కొన్నాడు. రోజుకు రెండు చాలంటే, తొందరగా తగ్గాలని నాలుగు మింగాడు. ఆరు వారాలకు కళ్లు పచ్చబడ్డాయి. మున్నీసానే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"మందులేమైనా వాడుతున్నారా?" అడిగింది డాక్టర్ సునీల.

"లేదమ్మా. పసుపు బిళ్లలే" అన్నాడు యలమంద.

మున్నీసా అతని సంచిలోంచి డబ్బా తీసింది. దాని మీద తన గ్రాఫు కనబడగానే డాక్టర్ ముందు పెట్టింది.

"ముందు ఇది ఆపించండి డాక్టర్‌గారూ. దీన్ని ఎలుకలకు పట్టింది నేనే."

మర్నాడు తలుపైనా తట్టకుండా రవిశంకర్ గదిలోకి వెళ్లి డబ్బాను బల్ల మీద విసిరింది.

"ఏంటిది మున్నీసా? పసుపేగా! మన అమ్మమ్మలు తినలేదా?"

"మీ అమ్మమ్మ కూరలో వేసుకుంది సార్. ఇరవై రెట్లు నెత్తుట్లోకి ఎక్కించుకోలేదు. కూరలో పసుపు ఒంటికి పట్టదని రాసింది మీరేగా! ఒంటికి పట్టేలా చేశాక, ఎంత పడితే చేటో చెప్పొద్దా? ఆ ఆరు ఎలుకలూ చెప్పాయి. మీరు నోరు నొక్కారు, నేను కొట్టేశాను!"

"అరవకు. ఉద్యోగం కావాలా, వద్దా?"

"యలమంద బాబాయికి లివర్ కావాలి సార్."

రికార్డులో కొట్టేసిన అంకెలు గీతల కింద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ పేజీలకు జిరాక్సు తీయించి మందుల తనిఖీ అధికారికి ఇచ్చింది. తన తప్పు కూడా దాచకుండా రాసిచ్చింది. దుకాణాల్లో సరుకు జప్తు చేశారు. కాలేజీవాళ్లు రవిశంకర్‌ను సంజాయిషీ అడిగి ఊరుకున్నారు. మున్నీసాను మాత్రం వచ్చే నెల నుంచి రావద్దన్నారు.

బిళ్లలు ఆపాక యలమంద కళ్లు తెల్లబడటానికి మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ పూటకు మించి వల ముందు కూర్చోలేడు.

మున్నీసా ఇప్పుడు రేపల్లెలోనే ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తోంది. ఆ మందు వేరే పేరుతో మళ్లీ వచ్చింది. లివర్ పరీక్షకు వచ్చిన ప్రతివాళ్లనూ సూది గుచ్చే ముందే నిలదీస్తుంది, పసుపు బిళ్లలు మింగుతున్నారా అని. మొన్న ఒకావిడ సంచిలోంచి డబ్బా తీసి చూపిస్తూ చిన్నబుచ్చుకుంది.

"ఎందుకమ్మా అంత కోపం? ఆకూ పసరూ ఏం చేస్తాయి?"

"ఏం చేస్తాయో నేను చూశానండి" అంటూ మున్నీసా ఆవిడ చేతిలోని డబ్బా లాక్కుని, దాని మీదున్న పేరు, బ్యాచ్ నంబరు కాగితం మీద ఎక్కించుకుంది. మందుల తనిఖీ అధికారికి ఆమె పంపబోయే మూడో ఫిర్యాదు అది.