మింగలేని మృగం

ఆ మృగం పుస్తకంలో లేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

మేం నలుగురం ఏలూరులో డిగ్రీ చదువుతున్న రోజులవి. రెండు వేల అయిదో, ఆరో. ఆదివారాలు తాడేపల్లిగూడెంలో మాలో ఒకడి ఇంట్లో చేరి ఒక ఆట ఆడేవాళ్ళం. అందులో గళ్ళూ పావులూ ఉండవు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వీరుడై, తమ వీరుడు ఏం చేస్తాడో నోటితో చెబుతారు. వేటు తగిలిందా లేదా అన్నది అంకె తేలుస్తుంది. నియమాల పుస్తకాన్ని ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి బైండు చేయించాం. ఇరవై ముఖాల పాచిక కావాలని అందులో రాసి ఉంది. అది ఏలూరులో దొరకలేదు, బెజవాడలో అడిగితే నవ్వారు. చివరికి చర్చి వాళ్ళ తంబోలా సెట్టులోంచి ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలున్న బిళ్ళలు ఏరి, స్టీలు చెంబులో వేసి, చూడకుండా తీసేవాళ్ళం.

కథ నడిపేది ఆ ఇంటి అబ్బాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ టీచర్లు, తాతల నాటి నుంచి క్రైస్తవులు. రెండోవాడు ఏలూరులో ఒక గుడి పూజారిగారబ్బాయి; మాకు పంతులు. మూడోవాడిది కొల్లేటికోట. చేపల చెరువుల వాళ్ళబ్బాయి, హాస్టల్లో ఉండేవాడు. వాణ్ణి కొల్లేరు అనేవాళ్ళం.

నన్ను దొర అనేవారు. అది గౌరవమో వెక్కిరింతో నేను తేల్చుకోలేకపోయాను. ఉంగుటూరు దగ్గర మా ఊళ్ళో మా ఇంటి పెద్ద సావిడిలో ఒకప్పుడు రెండు బంతులుగా కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ భోజనాలు పెట్టేవారట. నేను ఎరిగిన సావిడిలో తవుడు బస్తాలు ఉండేవి. చేపల మేత అమ్మే షావుకారుకి అద్దెకిచ్చాం. గోడకున్న తాతగారి పటం నడుము దాకా బస్తాల వెనక ఉండేది. మా ఇంటి పద్ధతి ఒకటి మాత్రం బస్తాల వెనక్కి పోలేదు. తిరిగి పిలవలేని చోట భోజనం చేయకూడదు. ఆ సావిడిలోకి నేనెవరినీ పిలవలేను. అందుకని ఎక్కడా తినేవాణ్ణి కాదు.

ప్రతి ఆదివారం ఆట మధ్యలో ఇంటి అబ్బాయి వాళ్ళమ్మగారు నాలుగు కంచాలు పెట్టేవారు.

"తినేసి వచ్చానండి," అనేవాణ్ణి.

"ఇంత పొద్దున్నేనా అండీ? ఒక్క ముద్ద తినండి బాబూ."

"వద్దండి. కడుపు నిండుగా ఉందండి."

పంతులు మాత్రం కోడిగుడ్డు పులుసు రెండోసారి వేయించుకుని, "ఆంటీ, మా నాన్నగారు ఎప్పుడైనా కనపడితే నేను మజ్జిగన్నం తిన్నానని చెప్పండేం," అనేవాడు. ఆవిడ నవ్వేవారు. ఆ నవ్వు నా కంచం దాకా వచ్చేసరికి ఆగిపోయేది. నేను గమనించేవాణ్ణి. గమనించడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు, వాళ్ళు తింటున్నంతసేపూ.

ఒక ఆదివారం కథలో మేం ముగ్గురు వీరులం పడవలో ఒక సరస్సు దాటి దీవికి చేరాం. అక్కడ ఒక వింత మృగం ఉందని ఇంటి అబ్బాయి చెప్పాడు. నీళ్ళ అడుగున ఉంటుంది. మనిషిని పట్టుకుని, లోపలున్నదంతా వదిలేసి, తోలు మాత్రం తొడుక్కుని వస్తుంది. అదే నడక, అదే గొంతు, అవే జ్ఞాపకాలు. ఒక్కటే తేడా. అది మెతుకు మింగలేదు.

"రాత్రి మీ ముగ్గురిలో ఒకణ్ణి పట్టుకుని ఉండొచ్చు," అన్నాడు.

నేను పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. "ఇది ఏ పేజీలో ఉంది?" అన్నాను.

"ఇందులో లేదు. వేరే పుస్తకం."

"ఏ పుస్తకం?"

"దొరా, కథ నడిపేది నేనా, నువ్వా?"

ఒక్కొక్కరినీ పెరట్లో మోటారు దగ్గరికి తీసుకెళ్ళి చెవిలో చెప్పాడు. నా చెవిలో, "నువ్వు నువ్వే. మనిషివే," అన్నాడు. తిరిగి వచ్చి కూర్చున్నాక ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పంతులు గోళ్ళు కొరుకుతున్నాడు. కొల్లేరు అనవసరంగా నవ్వుతున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరని లెక్క కట్టాను.

కథలో పూటకూళ్ళమ్మ వేడి అన్నం, చేపల పులుసు తెచ్చింది. "ఏం చేస్తారు?" అన్నాడు ఇంటి అబ్బాయి.

"మావాడు తినేస్తాడు," అన్నాడు పంతులు.

"మావాడు పంతులు కంచంలోది కూడా తినేస్తాడు," అన్నాడు కొల్లేరు.

అలవాటు ఎంత బలమైనదంటే, నా నోటి వెంట అదే వచ్చింది. "మావాడు తినేసి వచ్చాడు."

పంతులు గోళ్ళు కొరకడం ఆపాడు.

"రెండు రోజులు పడవ నడిపి, ఈ పూటకూళ్ళ ఇల్లు తప్ప మరో కొంప లేని దీవిలో దిగాడు," అన్నాడు కొల్లేరు నెమ్మదిగా. "ఎక్కడ తినేసి వచ్చాడండీ తమరి వీరుడు?"

"ఇదేరా మృగం!" పంతులు లేచి నిలబడ్డాడు. "తోలు కప్పుకుని మూడేళ్ళ నుంచి మన మధ్యనే తిరుగుతోంది!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఇంటి అబ్బాయి నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి నిజం కంచంలో నిజం అన్నం, పులుసు పెట్టుకొచ్చి నా ముందుంచాడు.

"ఒక్క ముద్ద తిను. మనిషివని ఒప్పుకుంటాం."

"ఆటలో సంగతి ఆటలో తేల్చాలి."

"ఆటలోనూ తినలేదుగా నువ్వు."

గుమ్మంలో వాళ్ళమ్మగారు చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డారు. నాకు అప్పుడు పూర్తిగా తెలిసిపోయింది. ఈ మృగాన్ని నా కోసమే తయారు చేశాడు. నా ఇల్లూ బస్తాలూ వీళ్ళకి తెలిసిపోయాయి, నా చేత తినిపించి నవ్వుకోవడానికే ఇదంతా అనుకున్నాను. వెన్ను నిటారుగా పెట్టి, "కాల్చేయండి," అన్నాను. ఆ మృగం నిప్పుకే చస్తుందని ముందే చెప్పి ఉన్నాడు. పంతులు చెంబులోంచి బిళ్ళ తీశాడు. పందొమ్మిది. నా వీరుడు కాలిపోయాడు.

బస్సు దాకా ఇంటి అబ్బాయి నాతో నడిచాడు. రైలు గేటు పడి ఉంటే ఆగాం.

"మా ఇల్లు కాబట్టేనా?" అన్నాడు.

మొదట అర్థం కాలేదు. "అంటే?"

"మా అమ్మ వండింది కాబట్టేనా అంటున్నా. గుళ్ళో పూజ చేసే ఇంటివాడు తింటున్నాడు. నీకేం వచ్చింది?"

నేను వీళ్ళని అనుమానిస్తున్నంతకాలం వీడు నన్ను అనుమానిస్తున్నాడు. అదీ ఇంత హీనమైన సంగతి గురించి.

"అందుకు కాదు," అన్నాను.

"మరెందుకో చెప్పు. ప్రతి వారం మా అమ్మ నీ కంచం ఉత్తినే కడుగుతోంది. చెప్పలేకపోతే వచ్చే ఆదివారం నుంచి రాకు."

గూడ్సు బండి పోతున్నంతసేపూ ఆలోచించాను. నాకున్న స్నేహాలు ఆ గదిలోవే. కారణం నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. "వచ్చే ఆదివారం మీరు ముగ్గురూ మా ఇంటికి భోజనానికి రండి. చూద్దువుగాని," అన్నాను.

ఆ ఆదివారం పొద్దున మా వంటింటి వెనక గూడు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పొలం పనివాళ్ళ కోసం విడిగా ఉంచిన గ్లాసులు అందులో ఉండేవి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. కథ నడిపేవాడు ఇల్లంతా చూస్తాడని నాకు తెలుసు. వాటిని తీసి తవుడు బస్తాల వెనక పడేశాను. గూట్లో దుమ్ము మధ్య గుండ్రటి జాడలు మిగిలాయి. తడిబట్టతో తుడిచాను. తుడిచిన చోటు ఇంకా స్పష్టంగా కనపడింది.

వాళ్ళు వచ్చారు. సావిడిలో బస్తాల మధ్య చాప పరిచి ఆకులు వేశాం. కథ నడిపేవాడు బస్తాలు చూశాడు, గోడ మీద సగం తాతగారిని చూశాడు, నన్ను చూడలేదు. కొల్లేరు మాత్రం బస్తా మీద చెయ్యేసి, "మా నాన్న మేత ఇక్కడే కొంటాడు దొరా. నేను లోడింగుకి వచ్చేవాణ్ణి," అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"మనం కాలేజీలో కలవకముందు నుంచే."

"వీళ్ళకి చెప్పావా?"

"చెప్పడానికేముందండీ ఇందులో? తవుడేగా!"

నాయనమ్మ వడ్డించింది. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ. కథ నడిపేవాడి దగ్గర ఆగి, "ఎవరి తాలూకు బాబూ మీరు?" అంది.

నా చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. దింపలేకపోయాను.

"క్రైస్తవులమండి. తాడేపల్లిగూడెం. అమ్మా నాన్నా టీచర్లండి."

నాయనమ్మ "ఆహా" అంది. నెయ్యి గిన్నె ఎత్తి, జానెడు పైనుంచి ధార పోసింది. ఆకు తాకకుండా, చెయ్యి తగలకుండా. ఆవిడ అందరికీ అలాగే పోస్తుంది, నాకూ అలాగే పోస్తుంది. ఆ సంగతి వాడికి ఎలా చెప్పను? చెప్పిన క్షణంలో అబద్ధమవుతుంది. వాడు ముద్ద కలపకుండా చూస్తూ కూర్చున్నాడు. నాయనమ్మ పంతులు దగ్గరికి వెళ్ళింది. జానెడు పైనుంచి పోసింది. కొల్లేరుకీ అంతే. ఆఖరికి నాకూ.

అప్పుడు వాడు ముద్ద కలిపాడు.

చేతులు కడుక్కునేటప్పుడు వెనక పెరట్లోకి వచ్చాడు. గూడు అక్కడే. దాన్ని చూశాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. "బస్తాలేనా కారణం?" అని మాత్రం అడిగాడు.

"తిరిగి పిలవలేని చోట మా ఇంట్లో తినరు."

"పిలిచావుగా."

"పిలిచాను," అన్నాను. "ఇంతకీ మృగం ఎవరు? పంతులా, కొల్లేరా?"

"ఎవరూ కాదు. ముగ్గురికీ మనిషివనే చెప్పాను."

"నా కోసమే కదా తయారు చేసింది?"

"నీ కోసమే," అన్నాడు తడి చేతులు దులుపుకుంటూ. నా అనుమానం నిజమేనని తేలింది. అది నాకు కొంత తృప్తినిచ్చిందని చెప్పాలి.

తరవాతి ఆదివారం తాడేపల్లిగూడెంలో నాలుగు కంచాలు పెట్టారు. నేను కూర్చున్నాను. ఎవరూ తినడం మొదలుపెట్టలేదు. మూడు జతల కళ్ళు నా గొంతు మీదే ఉన్నాయి. వాళ్ళమ్మగారు గరిటెతో సహా గుమ్మంలో ఆగిపోయారు. ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాను.

"మింగాడండీ!" కొల్లేరు కేక పెట్టాడు. "అయ్యయ్యో, మనిషినే కాల్చేశాం పంతులూ!"

"ఏవిటర్రా ఆ గోల?" అన్నారు ఆవిడ కంగారుగా. "ఉప్పెక్కువైందా?"

"లేదండి," అన్నాను. "ఇంకొంచెం వేయండి."