విస్సన్నపేట దారిలో ఒక్క ఉసిరిచెట్టు

యుద్ధం ముగిసిన మూడో ఏట, కార్తీకమాసంలో ఒక ఆదివారం, బెజవాడలో ఉదయం ఆరింటి పాసింజరెక్కాను. నూజివీడులో అక్కయ్యావాళ్ళతో వనభోజనానికి. స్టేషను పేరు నూజివీడే గానీ ఊరు అక్కడ లేదు, గంటకు పైగా బస్సులో పోవాలి. వెళ్ళేవాళ్ళు టిఫిను చేసే బయల్దేరండి. పెట్రోలు కరువుకి కట్టెబొగ్గుతో నడిచే ఆ బస్సు మా చేత రెండుసార్లు తోయించుకుంది. "టిక్కెట్టు కొనుక్కుని మరీ తోస్తున్నామండీ" అన్నాడు పక్కనున్న చింతలపూడి రైతు.

పదింటికి అక్కయ్య ఇంట్లో కాఫీ తాగి, ఎడ్లబండిలో విస్సన్నపేట దారి పట్టాం. మామిడితోటలు దాటాక అడవి రావాలి. అక్కయ్య పెళ్ళయిన కొత్తలో నేను అందులో దారి తప్పి ఏడ్చాను. ఇప్పుడు తప్పిపోదామన్నా చెట్టు లేదు, అన్నీ మోళ్ళే. "చెట్లు కొట్టరాదు" అన్న బోర్డు మాత్రం సిగ్గులేకుండా నిలబడి ఉంది.

"ఎవడు కొట్టించాడు?" అని అరిచాను.

"కంట్రాక్టరు, బొగ్గుల బట్టీలకి. నువ్వెక్కొచ్చిన బస్సు దేంతో నడిచిందనుకున్నావు?" అన్నారు మామిడికాయల వ్యాపారం చేసే మా బావగారు. నాకు ఒళ్ళు మండింది.

మధ్యలో ఒక్క ఉసిరిచెట్టు, దాని కింద అడవికి కాపలా ఉండే ముసలి సోమయ్య. "కార్తీకానికి జనం వస్తారు, ఇదొక్కటీ వదలమని కంట్రాక్టరు కాళ్ళు పట్టుకున్నానండీ" అన్నాడు. అతన్ని మెచ్చుకుని, కంట్రాక్టరును నోటికొచ్చినట్టు తిట్టాను.

పదకొండున్నరకల్లా ఊళ్ళోంచి ఇరవై బళ్ళు దిగాయి. వనభోజనమంటే ఉసిరి కింద విస్తరి వెయ్యాలి. ఒక్క చెట్టు నీడ ఎంతమందికి? చెట్టు దొరకనప్పుడు కొమ్మ నాటి పూజచేసుకోవచ్చని ఎవరో పెద్దాయన గుర్తుచేశారు. అంతే, అందరూ ఎగబడ్డారు.

"విరవకండమ్మా, కాయ మీదుంది" అంటూ సోమయ్య చెట్టు చుట్టూ తిరిగాడు.

"దేవుడి పనికి అడ్డమొస్తావేంటి?" అని కసిరారు.

అంతసేపు తిట్టిన నోటితో నేను ఒక్కరికీ అడ్డు చెప్పలేదు. మా విస్తళ్ళ ముందూ పసుపు కుంకుమలు పెట్టిన కొమ్మ ఉంది. పులిహోర మారు వడ్డించుకున్నాను.

మూడింటికి బళ్ళు కట్టేసరికి చెట్టుకు మానే మిగిలింది. సోమయ్య విరిగిన చోట్ల పేడ మెత్తుతున్నాడు.

తిరుగు బస్సునూ తోశాం. దారి చెప్పాను, వెళ్ళదలిచినవాళ్ళు వెళ్ళండి, నీడ మాత్రం ఆశించకండి. బెజవాడలో సంచీ విప్పితే అక్కయ్య ప్రసాదమని కట్టిచ్చిన పొట్లంలో ఉసిరాకులు కనిపించాయి. మా విస్తళ్ళ ముందు పెట్టిన ఆ కొమ్మ బావగారికి అందలేదు. పొడుగువాణ్ణి కదా, నేనే విరిచాను.