పెరుమాళ్ళు మా మాడి ఇంటికి వచ్చిన సాయంత్రం

మా చిన్నప్పుడు కళ్ళు తెరవగానే నేను అడిగే మొదటి మాట... "ఈ పొద్దేనా అవ్వా?" కొత్త ఇల్లు ఇచ్చేది ఈ పొద్దేనా అని.

మదురై పక్కన ఒక చిన్న టౌన్ మాది. పేరు చెప్పను, చెబితే మా వాళ్ళంతా కామెంట్లలో కొట్లాటకొస్తారు. అందులో మా తెలుగువాళ్ళ సందు ఒకటి ఉండేది... మునిసిపాలిటీ స్థలంలో వరసగా పెంకుటిళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు ఇవతల మా అవ్వ, అవతల చిన్నవ్వ. సొంత అక్కచెల్లెళ్ళు.

చిన్నవ్వకు పిల్లలు లేరు. కళ్ళు మసక. అయినా తన వంట తనే వండుకునేది. మా ఇంట్లో వచ్చి ఉండమంటే ఒప్పుకునేది కాదు. "నా పొయ్యి నాకుండాల" అనేది. అందుకని మా అవ్వ రోజూ గోడ అవతలికి ఒక కేక వేసేది... "చెల్లీ, స్టవ్వు ఆర్పినావా?" అటునుంచి "ఆర్పినా అక్కా" అని వినపడితేనే ఆమెకు ముద్ద దిగేది.

ఒక ఏడు మునిసిపాలిటీవాళ్ళు వచ్చారు. పెంకుటిళ్ళు తీసేసి అదే చోట మూడంతస్తులు కడతామన్నారు. మాకు తలా ఒక ఇల్లు, అద్దె తక్కువ. మిగిలినవి ఇల్లు లేని ఇంకొందరికి. "స్థలం పెరగదు కదమ్మా, ఇళ్ళే పైకి పెరగాల" అని మా వార్డు కౌన్సిలర్ నచ్చజెప్పాడు.

కట్టేదాకా మమ్మల్ని ఊరి చివర రేకుల షెడ్లలో ఉంచారు. ఆ ఎండాకాలం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చిరచిరలాడుతుంది. రేపో మాపో పోతాం కదా అని మూటలు కూడా విప్పలేదు. ఆ రేపు రాదే! లారీ చప్పుడైతే చాలు, మాకే వచ్చిందేమోనని పరుగు. ఈలోపల పెద్దవాళ్ళకు ఇంకో దిగులు పట్టుకుంది. ఇంటి మీద ఇల్లంటే, మన సామి గూటి మీద ఇంకొకరు కాళ్ళు పెట్టి నడుస్తారే! రోజూ దానిమీదే వాదన.

చివరికి చీటీలు తీసే రోజు వచ్చింది. ప్లాస్టిక్ బిందెలో చీటీలు వేసి, ఎవరిది వాళ్ళనే తీయమన్నారు. మా అవ్వకు కింది ఇల్లు. నేను ఎగిరి గంతేశాను... వాకిట్లోనే కొళాయి, ముగ్గు వేసుకోను సొంత నేల! చిన్నవ్వకు మాత్రం అన్నిటికన్నా పై అంతస్తు వచ్చింది. మేము మాడి అంటామే, ఆ మేడ మీద. అవ్వ ముఖం మాడిపోయింది. కింద నిలబడి ఎంత అరిచినా చిన్నవ్వకు వినపడుతుందా?

ఇద్దరూ ఒప్పుకుంటే ఆ సాయంత్రం లోపల ఇళ్ళు మార్చుకోవచ్చని ఆఫీసరు చెప్పాడు. కింద మా పక్కిల్లు వచ్చినవాళ్ళను చిన్నవ్వ కోసం అడిగింది అవ్వ. వాళ్ళ కోడలికి నెలలు నిండాయి, పైకి పోలేమన్నారు. ఇంక అవ్వే పైకి పోవాలి. పైన చిన్నవ్వ పక్కిల్లు మా సందులోని రంగయ్య తాతకు వచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి కదా, కింది ఇల్లంటే కళ్ళకద్దుకుంటాడనుకున్నాం. ఊహూఁ!

"నా పెరుమాళ్ళు తలమీద ఇంకోడు నడిచేదా? నాకు మాడి ఇల్లే ఉండనీ" అని కూర్చున్నాడు.

అవ్వ షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగింది. పొద్దు వాలుతోంది. కొంగు నడుముకు దోపుకుని మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది.

"అన్నా, మెట్లెక్కలేంది నువ్వా, నీ సామియా?"

"నేనే. సామికి మోకాలి నొప్పేమి?"

"అట్లయితే నువ్వు కింద ఉండు. సామిని నాతో మాడికి పంపు. మా సామి పక్కనే పెట్టి రోజూ దీపం పెడతా. ఆయన పైన ఆకాశం తప్ప ఏమీ ఉండదు."

తాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరి. శనివారం పూజకు మాత్రం నేనే వస్తా."

"రా అన్నా, మెల్లిగా ఎక్కి రా. వేడివేడి కాపీ ఇస్తా."

చీకటి పడేలోగా వేలిముద్రలు అయిపోయాయి. నాకేమో కొళాయి పోయిందని ఏడుపు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా గూట్లో ఇద్దరు సాములు... మెట్లు వద్దని కిందికి పోయిన తాత ప్రతి శనివారం రొప్పుకుంటూ పైకి వచ్చేవాడు, అవ్వ నవ్వుకుంటూ కాపీ కలిపేది. చిన్నవ్వ మాత్రం చివరిదాకా తన వంట తనే వండుకుని, అక్క పక్కనే ఉండి కన్నుమూసింది.

ఇప్పటికీ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. బట్టల షాపులో పని, ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. అందాకా నా కూతురికి అన్నం పెట్టి, హోంవర్క్ చేయించేది పక్కింటి సరోజక్క. ఆవిడ ఉంది కాబట్టే నాకు ఉద్యోగం ఉంది.

ఇప్పుడు మా కట్టడం పగుళ్ళిచ్చింది. ఇంకో చోట పెద్ద పెద్ద బిల్డింగులు కట్టి మాకు అక్కడ ఇళ్ళిస్తున్నారు. మాతో పాటు ఇంకా ఎన్నో కుటుంబాలకు. మంచి పనే, కాదనను. అద్దె కట్టలేక సామాన్లు ఎత్తుకుని తిరిగేవాళ్ళు మా షాపులో పనిచేసేవాళ్ళలోనే ఉన్నారు. సోమవారం కంప్యూటర్లో డ్రా. సరోజక్కకూ నాకూ వేరే వేరే చోట్ల వస్తే, తర్వాత మార్చుకోవచ్చా అని మునిసిపాలిటీ కౌంటర్లో అడిగాను.

"అదంతా ముడియాదుక్కా. సిస్టమ్ ఏదిస్తే అదే" అన్నాడు అక్కడి తంబి. కుదరదనే మాటను మర్యాదగానే చెప్పాడు, పాపం.

అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. సరోజక్క కూడా ఊరికే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. నాకు భయంగా ఉంది... అంతే.

అప్పటికన్నా ఇళ్ళు ఎన్నో ఎక్కువ కడుతున్నారు. లిఫ్టులు కూడా పెడుతున్నారు. కానీ నీ పక్కన ఎవరుంటే నీకు బతుకు జరుగుతుందని అడిగి, ఒక్క సాయంత్రం టైమిచ్చే రోజులు ఏమైపోయాయో...

మీకూ అలాంటి పక్కిల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఆ మనిషి పేరు కింద రాయండి. సోమవారం దాకా చదువుకుంటూ కూర్చుంటాను.