కొత్తిమీరకి జ్వరం

రాజ్‌కిశోర్ నగర్ దుకాణంలో సలాడ్ ఆకుల డబ్బా కొన్నాను. మూత లోపల చెమట పట్టినట్టు నీటిచుక్కలు. మా రైల్వే క్వార్టర్ పెరట్లో అమ్మ పెంచిన కొత్తిమీర గుర్తొచ్చింది.

గూడ్సు గార్డయిన నాన్న రెండ్రోజుల డ్యూటీకి వెళ్తుంటే, అన్నంలో పచ్చిగా నంజుకోవడానికి అమ్మ దాన్ని తడిగుడ్డలో చుట్టి ఇచ్చేది. జ్వరమొస్తే నా నుదుటి మీద వేసేదీ ఆ గుడ్డే. పాపం, కొత్తిమీరకీ జ్వరమే అనుకుని, చెమట పడితే తగ్గుతుందని ఓసారి ఆ మూట మీద రగ్గు కప్పేశాను. అమ్మ చూసేసరికి ఆకులన్నీ వాడిపోయాయి.

"ఏటి చేసేవే?" అంది. చెప్పాను. నాన్న నవ్వలేదు. ఆ మూటే పెట్టెలో పెట్టుకున్నాడు.

తిరిగొచ్చాక అడిగితే, "జ్వరం తగ్గిపోనాదమ్మా. అంతా తినేసేను" అన్నాడు.

ఇప్పటికీ ఫ్రిజ్‌లోంచి తీసిన ఆకుల మీద ముందు అరచెయ్యి ఆనించి చూస్తాను. చల్లగానే ఉంటాయి.