తిట్టడానికి కారణం అడిగిన పల్లె

2019 మే నెలలో, నా పదవీ విరమణకు ఇంకా పది నెలలు ఉందనగా, చెన్నైలోని మా డబ్బింగ్ స్టూడియో నాకొక పని అప్పగించింది. రెండున్నర నిమిషాల తిట్లు రికార్డు చేసుకురావాలి. అప్పటికి నా హోదా సీనియర్ సౌండ్ ఇంజనీరు. ముప్పై మూడేళ్లు వినడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి. ఇంట్లో మాత్రం చెప్పిన మాట వినడన్న పేరే మిగిలింది.

ఆ ఏడాది ఒకే కంపెనీ నుంచి మాకు వరసగా మూడు అమెరికన్ సినిమాలు వచ్చాయి. మూడూ ఒకే కోవవి. తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకూడదన్న ఆటలోకి మొదటిసారి అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడి కథ. ఒకదాంట్లో పరుగు, ఒకదాంట్లో బంతి, మూడోదాంట్లో ఈత. ఇలాంటి సినిమాల్లో కథానాయకుడికి ఎదురు నిలిచేది ఒక్క మనిషి కాదు, గ్యాలరీ నిండా జనం. విలన్ ఒక్కడైతే ఒక గొంతుతో సరిపెట్టవచ్చు. ఇక్కడ విలన్లకు టిక్కెట్లు అమ్మారు.

డబ్బింగుకు పంపేటప్పుడు కంపెనీవారు సంగీతం, అడుగుల చప్పుడు, నీళ్ల చప్పుడు మాత్రమే ఉన్న ట్రాక్ ఇస్తారు. మాటలు ఉండవు. జనం అరుపుల్లోనూ మాటలుంటాయి కనుక అవీ ఉండవు, మేమే తెలుగులో తయారుచేసుకోవాలి. అందుకోసం గ్రూపు ఆర్టిస్టులని ఎనిమిది మంది వస్తారు. వాళ్ల చేత మైకు దగ్గర ఒకసారి, దూరంగా ఒకసారి, గోడ వైపు తిప్పి ఒకసారి అరిపించి, ఒకదానిమీద ఒకటి పేర్చి ఎనభై మందిని చేస్తాం. పెళ్లికైనా, సంతకైనా, ఊరేగింపుకైనా ఆ ఎనిమిది మందే.

ఈత సినిమాకూ అదే చేశాం. కంపెనీవారి నాణ్యత పరిశీలకులు రెండుసార్లు తిప్పి పంపారు. రెండోసారి రాసిన కారణం ఇది: "జనం కోపంగా లేరు. గదిలో ఉన్నారు." మూడోసారీ తిప్పి పంపితే మా స్టూడియోను వాళ్లు పని ఇచ్చే స్టూడియోల జాబితాలోంచి తీసేస్తారు. మా దగ్గర పనిచేసే పదకొండు మందికి ఆ జాబితాయే ఆధారం.

మేనేజరు సమావేశం పెడితే అందరూ బల్ల వైపు చూశారు. నేను మాత్రం నోరు జారాను. మా సొంతూరు తోటపల్లి గూడూరు మండలంలో. మా ఇంటికి చేపలు తెచ్చే కోటమ్మ ఉండే సముద్రపు ఒడ్డు పల్లెలో మామూలు మాటలే రెండు వీధుల అవతలికి వినిపిస్తాయి. పైగా అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు, పడవలు ఒడ్డున, మనుషులు ఇళ్లలో. అక్కడ ఆరుబయట రికార్డు చేసుకొస్తాను, వాళ్లకు తిట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు అని హామీ ఇచ్చాను. నా సర్వీసు మొత్తంలో ఇంత ధైర్యంగా, ఇంత తప్పుగా మరో హామీ ఇవ్వలేదు.

చోటు వెతకడానికే ఒక రోజు పట్టింది. ముందుకు పోతే అలల హోరు, వెనక్కి వస్తే రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల మోత. రెంటికీ మధ్య, సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి దొరికింది. గాలి లేవకముందే పని ముగించాలని పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. వరండాలో పెద్ద టీవీ, ఆవరణలో నాలుగు మైకులు, రికార్డింగు యంత్రం దగ్గర నా సహాయ ఇంజనీరు సుజాత. డెబ్బై మంది దాకా వచ్చారు. ఊరి పెద్ద పోలయ్య గారు ముందు వరసలో కూర్చున్నారు.

సన్నివేశం వివరించాను. తెల్లవాళ్ల ఈతకొలను. నల్లజాతి యువకుడు పోటీకి నీళ్లలో దిగగానే పక్కనున్న ఇద్దరు లేచి వెళ్లిపోతారు. గ్యాలరీ అతన్ని తిడుతుంది. అతనివాళ్లు కంచె బయట నిలబడి చూస్తుంటారు. చివరికి అతనే గెలుస్తాడు. "మీరు గ్యాలరీ జనం అనుకుని అతన్ని తిట్టండి" అన్నాను.

మొదటి టేకులో "పైకొచ్చెయ్ నాయనా" అని ఒకరు బతిమాలారు. "నిదానంగా పోయిరా" అని ఇంకొకరు. హెడ్‌ఫోన్లలో వింటుంటే అల్లుణ్ణి బస్సెక్కిస్తున్నట్టుంది.

"చేపల బేరంలో నన్ను తిట్టినట్టు తిట్టు కోటమ్మా" అన్నాను.

"నువ్వు సగం ధరకు అడుగుతావు, అందుకు తిడతా. ఈ పిలగాడు నన్నేమన్నాడన్నా?" అంది. జనం నవ్వారు. రెండో టేకు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

పోలయ్య గారు చెయ్యెత్తారు. "ఊరికే తిడితే మా పల్లెలో తప్పు కింద డబ్బు కట్టించుకుంటాం. ఇంతకీ ఆ మనిషి చేసిందేంది?"

"నీళ్లలో దిగినాడండీ."

"ఈత రాకుండా దిగినాడా?"

"బాగా వచ్చు."

"మరింకేంది?"

రంగు అని చెప్పాను. చెబుతుంటే నాకే ఇబ్బందిగా ఉంది, ఎందుకంటే నాదీ దాదాపు ఆ రంగే. "నీళ్లకేం తెలస్తాది అది" అంది కోటమ్మ. పోలయ్య గారు ఆ సన్నివేశం మొదటినుంచి చూపించమన్నారు. చూడకుండా ఏ తగువూ తేల్చరట.

పెట్టాం. మైకు ముందు మనుషులు ఉన్నంతసేపూ యంత్రం ఆపకూడదని మా స్టూడియోలో నియమం. సుజాత ఆపలేదు.

పక్కనున్న ఇద్దరూ నీళ్లలోంచి లేచారు. గ్యాలరీలో ఒక టోపీవాడు సీసా విసిరాడు. కోటమ్మ లేచి నిలబడింది. "ఒరే టోపీ, ఆ గుంట నీ అబ్బ తవ్వించినాడంట్రా? ఈదేవోణ్ణి ఈదనీకుండా నీకేం వచ్చిందిరా?" ఆమె వెనక ముగ్గురు, వాళ్ల వెనక ముప్పై మంది, ఆపైన ఆవరణ మొత్తం. తర్వాతివి ఇక్కడ రాయదగినవి కావు. రెండున్నర నిమిషాలు, ఎక్కడా తగ్గలేదు. యువకుడు గోడ తాకగానే తిట్లు ఆగి, బడి కప్పు లేచిపోయేలా కేక పెట్టారు.

సుజాత హెడ్‌ఫోన్లు తీసి "సార్, ఇదే" అంది.

నిజమే. డెబ్బై గొంతులు కలిస్తే మాటలు విడిగా తెలియవు, కోపం ఒక్కటే తెలుస్తుంది. ఎవరి మీద కోపమో తెర మీది బొమ్మ చెబుతుంది. అక్కడే చిక్కు. వీళ్లు తిట్టింది గ్యాలరీని. నేను దాన్ని పెట్టబోయేది ఆ గ్యాలరీ నోటికే. అప్పుడు వీళ్లు ఆ యువకుణ్ణే తిట్టినట్టవుతుంది. ఈ సంగతి పోలయ్య గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. రికార్డింగు చెరిపేసినవాణ్ణి చూసినట్టు సుజాత నన్ను చూసింది.

ఆయన మరో నలుగురు పెద్దల్ని తీసుకుని బడి వెనక్కి వెళ్లారు. ఇరవై నిమిషాలు. ఈలోగా గాలి లేచింది. వాళ్లు కాదంటే ఆ రోజుకు మరో టేకు లేదు, నా దగ్గర మరో ఊరూ లేదు. పదకొండు మంది పేర్లు మనసులో ఒక్కొక్కటే చదువుకుంటూ కూర్చున్నాను.

పోలయ్య గారు తిరిగొచ్చి నిలబడే చెప్పారు. "మా మాటలు ఆ నోళ్లల్లో పెట్టుకో నాయనా. ఆళ్ల మాటలు మా నోట్లో పెట్టలేదు గదా, తప్పు లేదు. ఒకటి మాత్రం. కంచె బయట నిలబడినోళ్లుండారే, వాళ్ల గొంతు ఇంకెవురి చేతా పెట్టించగూడదు. అది మాది."

"దానికి మళ్లీ అరవబన్లేదు" అంది కోటమ్మ. "ఇందాక అరిచినాం గదా."

చివరి ఆ గెలుపు కేకను కంచె బయటివాళ్లకే పెట్టాం. మిక్సింగుకు రెండు రోజులు, జవాబుకు ఐదు రోజులు పట్టాయి. ఆ ఐదు రోజులూ ఫోను మోగితే నా భార్యే ఎత్తింది. వచ్చిన జవాబు ఒకే మాట: ఆమోదం. ఆ రాత్రి నా గురకకు ఏ మిక్సింగూ అక్కర్లేదని ఆమె అభిప్రాయం.

విరమణలోపు జనం సన్నివేశాలు మరో రెండు చేశాను. రెండిటికీ ఆర్టిస్టుల్ని మైకు ముందు నిలబెట్టకముందే సన్నివేశం మొత్తం చూపించి, మీకు ఎవరి మీద కోపం వచ్చిందని అడిగాను. వాళ్లు చూపించినవాణ్ణే తిట్టమన్నాను. లేని కోపం మైకుకు దొరకదు. ఉన్న కోపం ఎవరిమీద ఉన్నా పని జరుగుతుంది, అయితే దాన్ని ఎక్కడ వాడబోతున్నామో ఇచ్చినవాళ్లకు ముందే చెప్పాలి.