అవ్వ సంచిలో సూది

నా చిన్నప్పుడు నన్ను భయపెట్టడానికి దయ్యాల కథలు అక్కరలేదు, మా అవ్వ నోరు చాలు. చిగుళ్ళు వాచి, చీము పట్టి, పళ్ళన్నీ కదిలిపోయి, రాగిసంగటి కూడా మింగలేక దవడ పట్టుకుని కూర్చునేది. నన్ను కన్న మూడోనాటికే మా అమ్మ పోయింది. పాత చీరలతో బొంతలు కుట్టి, నన్ను సాకింది అవ్వే. నాయన ఉన్నాడు కానీ, ఏడుపొస్తే నేను పోయేది ఆమె ఒడిలోకే.

నాయన ఆమెను చిత్తూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఒక్క పన్నూ పనికిరాదు, విడతలుగా అన్నీ తీసేసి, చిగుళ్ళు మానాక కట్టుడు పళ్ళు పెడతానన్నాడాయన. కింది పళ్ళు తీసేశారు. ఇక పైవి తీస్తారనగా, పక్కింటి పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని, "పైపన్ను పెరికితే కన్ను పోతాది. మా మేనత్తకు అట్నే అయింది" అని చెప్పి, వక్క నమలుతూ నింపాదిగా లేచి వెళ్ళిపోయింది.

ఇక నాకు అన్నం సహించలేదు. కళ్ళు మూసుకుని ఇంట్లో తిరిగి చూశాను, గడప తగిలి పడ్డాను. అవ్వకు చూపు పోతే బొంతలు ఎవరు కుడతారు? నాకు జడ ఎవరు వేస్తారు? పోవద్దని కొంగు పట్టుకుని ఏడిస్తే, అవ్వ నన్ను కూడా బస్సెక్కించింది. పెట్రోలు దొరకని రోజులవి, బొగ్గుతో నడిచే ఆ బస్సు ఎక్కడైనా చెడిపోవాలని దారి పొడుగునా మొక్కుకున్నాను. దేవుడు వినలేదు.

నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల గిన్నెలో టంగుమని నాలుగుసార్లు చప్పుడైంది. కాసేపటికి అవ్వ నాయన భుజం పట్టుకుని వచ్చింది. నోటి నిండా దూది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అంతే, పోయాయి అనుకున్నాను.

ఆమె బల్ల మీద కూర్చుని మెల్లగా కళ్ళు తెరిచింది. గుడ్డసంచిలోంచి రవికలు కుట్టే సన్నసూదీ దారమూ తీసింది. కొన తడుపుకోవడానికి నోరు లేదు, వేళ్ళతోనే మెలితిప్పింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కింది. అప్పుడు ఆ సూదిని నా ముఖం ముందు పట్టి చూపింది. నేను భోరుమన్నాను.

పైపళ్ళు తీసిన ప్రతిసారీ అదే వరస. కొన్ని నెలలకు కట్టుడు పళ్ళొచ్చాయి. వాటితో అవ్వ వేరుశనగ ఉండ కొరికిన రోజున, నా భయం తీర్చడానికేనా సూది తెచ్చుకున్నావని అడిగాను.

"నీకోసమా? ఆ మాట నేనూ నమ్మినాను పాపా. సన్నచూపు ఉండాదో పోయిందో నాకు తెలియాల కదా."

"మరి యాల పోయినావు?"

"పెరికించుకోకుంటే ఆ చీముకే సచ్చిపోయుందును. నిన్నెవురు సాకతారు?"

పైపన్నుకూ కంటికీ సంబంధం లేదని పెద్దయ్యాక తెలుసుకున్నాను. కానీ భయం పోయేదాకా ఆగనక్కరలేదని, భయపడుతూనే పోవచ్చని తెలిసింది మాత్రం అవ్వ వల్లే. పోయిన నెల నా పైపళ్ళు తీయించుకోవడానికి తిరుపతి పోతూ, చేతిసంచిలో సూదీ దారమూ పెట్టుకున్నాను. చూసి మా మనవరాలు నవ్వింది. నవ్వనీ అనుకుని, నోట్లో దూదితోనే బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను.

నాకు నాలుగోసారికి ఎక్కింది.